చుక్క పులుపు... గుప్పెడు పరిమళం

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒకే వీధిలో నిమ్మజాతి టీలు రెండు దొరుకుతాయి. కాండిమెంట్స్ కొట్టులో గాజు గ్లాసులో పోసే లెమన్ టీ ఒకటి. కెఫేలో పింగాణీ కప్పులో వచ్చే ఎర్ల్ గ్రే మరొకటి. మొదటిది పండు రసాన్ని నమ్ముకుంది, రెండోది తొక్కలోని నూనెను. ఆ రెండింటి మర్మం తెలిస్తే ఇంట్లోనే మేలైన టీ కాచుకోవచ్చు. అందుకు కావలసినవన్నీ మన పెరళ్లలోనూ పక్క కొండల్లోనూ ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ 27వ మెయిన్ రోడ్డు మీద నిలబడితే తెలుగు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు. స్టార్టప్ ఆఫీసుల నుంచి బయటపడ్డ కుర్రాళ్లు, నిఫ్ట్ విద్యార్థులు, పీజీలకు తిరిగి వెళ్తున్న అమ్మాయిలు. కర్నూలు యాస, గుంటూరు యాస, వరంగల్ యాస ఒకే గుంపులో కలగలిసి వినిపిస్తాయి. అందరూ ఆగేది కాండిమెంట్స్ కొట్టు ముందు. టీ, బన్ను, బిస్కెట్లు అమ్మే చిన్న కొట్టుకు బెంగళూరులో ఆ పేరే స్థిరపడిపోయింది.

"మామా, వన్ బై టూ చెప్పనా?"

"వద్దురా, పొద్దున్నుంచి మీటింగులే. తల పగిలిపోతోంది. నాకు లెమన్ టీ చెప్పు, ఫుల్."

ఆ లెమన్ టీ తయారయ్యే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. పాల టీ గిన్నె పక్కనే చిన్న మంట మీద నల్ల డికాషన్ కాగుతూ ఉంటుంది. గ్లాసులో చెంచాడు చక్కెర, దాని మీద సగానికి డికాషన్, మిగతా సగానికి మరిగే నీళ్లు. అప్పటికి గ్లాసులో ఉన్నది కాల్చిన ఇటుక రంగు. కొట్టతను అర చెక్క నిమ్మకాయ అందుకుని రెండు వేళ్ల మధ్య ఒక్క నొక్కు నొక్కుతాడు. పైనుంచి కిందికి రంగు విరుగుతుంది. ఇటుక రంగు పోయి పుట్టతేనె రంగు తేలుతుంది. కొందరు చిటికెడు నల్లుప్పు వేయించుకుంటారు, కొందరు అల్లం అడుగుతారు. పిండిన చెక్క బల్ల కింది డబ్బాలో పడుతుంది. రాత్రి కొట్టు కట్టేవేళకు ఆ డబ్బా నిండా నిమ్మ తొక్కలే.

రోడ్డు దాటి కెఫేలోకి వెళ్తే అక్కడి మెనూలో ఎర్ల్ గ్రే ఉంటుంది. మూత తీయగానే ముందు వాసన వస్తుంది. నిమ్మలా ఉంటుంది గాని నిమ్మ కాదు, నారింజ పూవులా ఉంటుంది గాని పూవూ కాదు. నోట్లో పోసుకుంటే పులుపే ఉండదు. ఎందుకంటే అందులో పండు రసం ఒక్క చుక్క కూడా లేదు. ఉన్నది ఒక పండు తొక్క నుంచి తీసిన నూనె మాత్రమే.

కొట్టువాడు పారేస్తున్న భాగానికే కెఫేవాడు నాలుగింతలు పుచ్చుకుంటున్నాడు. నిమ్మజాతి టీని ఇష్టపడేవాళ్లందరూ ముందుగా గమనించవలసిన సంగతి ఇదే. పులుపు రసంలో ఉంటుంది, పరిమళం తొక్కలో ఉంటుంది. మనం శతాబ్దాలుగా రసం పిండుకోవడంలో ఆరితేరిన వాళ్లం. పరిమళాన్ని పట్టుకోవడం కూడా మనకు తెలిసిన విద్యే, కాకపోతే దాన్ని టీ దాకా తీసుకురాలేదు.

ప్రధాని పేరు పెట్టుకున్న టీ

ఎర్ల్ గ్రేలో వాడే పండు పేరు బెర్గమాట్. పుల్ల నారింజకూ పెద్ద నిమ్మకూ పుట్టిన సంకరం ఇది. ఇటలీ దక్షిణ కొసన, కలాబ్రియా ప్రాంతంలోని సముద్ర తీరంలో విస్తారంగా పండుతుంది. పండు ఆకుపచ్చగా, గుండ్రంగా ఉంటుంది. పండిందంటే పసుపు తిరుగుతుంది. రసం చేదు పులుపు కాబట్టి ఒలుచుకు తినేవాళ్లు అరుదు. దాని విలువంతా తొక్కలోనే. కిలో నూనె రావాలంటే సుమారు 200 కిలోల పండ్లు కావాలి. ఆ నూనె లేకుండా ఓ డి కొలోన్ లాంటి అత్తరు లేదు, ఎర్ల్ గ్రే టీ కూడా లేదు.

ఈ టీ పేరులోని గ్రే, అంటే చార్లెస్ గ్రే, 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానమంత్రి. చైనాలో ఒక అధికారి కృతజ్ఞతతో ఆయనకు ఈ టీ రహస్యం చెప్పాడని చాలా ప్యాకెట్ల మీద కథ రాసి ఉంటుంది. కానీ ఆయన చైనా గడప తొక్కిందే లేదు. బెర్గమాట్ వాసన పట్టించిన టీ ప్రస్తావనలు ఇంగ్లండ్‌లో 1820ల నుంచే ఉన్నాయి. అప్పట్లో అది గొప్ప టీ కాదు, నాసిరకం ఆకును మంచి ఆకుగా చూపించే ఉపాయం. 1837లో బ్రాక్సాప్ అనే కంపెనీ ఇలా బెర్గమాట్ కలిపి టీ అమ్మినందుకు కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, 1880ల నాటికి, అదే టీ గ్రే పేరుతో లండన్ దుకాణాల ప్రకటనల్లో దర్జాగా కనిపించింది. నాసిరకానికి వేసిన ముసుగు పెద్దమనుషుల టీ అయి కూర్చుంది.

గ్రేకు టీతో అసలు సంబంధం వేరే ఉంది, అది మనకు బాగా దగ్గరిది. చైనా తేయాకు వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్త హక్కును తీసేసిన 1833 చార్టర్ చట్టం ఆయన ప్రభుత్వ హయాంలోనే వచ్చింది. చైనా మీద పట్టు పోయిన కంపెనీకి తేయాకును సొంతంగా పండించుకోవలసిన అవసరం పడింది. మరుసటి ఏడాదే, 1834లో, గవర్నర్ జనరల్ బెంటింక్ కలకత్తాలో టీ కమిటీ వేశాడు. అక్కడ పెంచిన మొక్కలు కొన్ని ఆ దశాబ్దంలోనే దక్షిణాదికి, నీలగిరికి, కొడగుకు, మైసూరుకు వచ్చాయి. ఈ రోజు మనం నీలగిరి ఆకు కాచుకుంటున్నామంటే దాని వెనుక ఆ చట్టం కూడా ఉంది.

రసం రంగు మీద, నూనె ముక్కు మీద

నిమ్మరసం పడగానే టీ రంగు ఎందుకు విరుగుతుంది? తేయాకును నలిపి గాలి తగలనిచ్చినప్పుడు అందులో థియాఫ్లేవిన్లు, థియారూబిజిన్లు అనే పదార్థాలు పుడతాయి. నల్ల టీ ఎరుపు, నలుపు వీటివల్లే. థియారూబిజిన్లు బలహీనమైన ఆమ్లాలు. మామూలు టీలో అవి కొంత విడివడి ముదురు రంగు చూపిస్తాయి. నిమ్మరసంతో పులుపు పెరగగానే ఆ విడివడడం తగ్గిపోయి రంగు తేలిపోతుంది. రంగు పోయిందని టీ పలచబడిందనుకోకూడదు. టీ బలం అలాగే ఉంటుంది.

అదే రసం పాల టీలో పడితే విరుగుడు ఖాయం. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి పీహెచ్ 4.6 దగ్గరకు దిగేసరికి గడ్డకడుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. అందుకే లెమన్ టీకీ పాలకూ పొత్తు లేదు. ఎర్ల్ గ్రేకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. అందులో ఉన్నది నూనె, ఆమ్లం కాదు. నిక్షేపంగా పాలు పోసుకోవచ్చు. పాలు, వెనిల్లా కలిపి లండన్ ఫాగ్ అనే పేరుతో కెఫేలు అమ్మేది ఆ ఎర్ల్ గ్రేనే. పాలు లేకపోతే టీ తాగినట్టు ఉండదనేవాళ్లకు నిమ్మజాతి పరిమళం రుచి చూపించాలంటే ఇదే దారి.

ఇక నూనె సంగతి. నిమ్మకాయ తొక్కను వెలుతురుకెదురుగా పట్టుకుని చూడండి. చర్మం మీద సూది మొనతో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో నూనె తిత్తి. ముక్క తొక్కను పైభాగం కప్పు వైపు ఉండేలా పట్టుకుని వేళ్లతో వంచండి. సన్నని తుంపర లేచి టీ మీద పడుతుంది. ఎండ పడే చోట చూస్తే టీ మీద చిన్న చిన్న మెరుపు వలయాలు తేలుతూ కనిపిస్తాయి. కప్పులో ఇంకేమీ వేయకపోయినా గదంతా వాసన మారిపోతుంది. ఆ తుంపరకు పులుపు లేదు, చేదు లేదు. చేదు ఉండేది తొక్క లోపలి తెల్లని పొరలో. అందుకే తొక్కను చాకుతో పలచగా, పచ్చని భాగం వరకే తీయాలి.

ఈ నూనె నీళ్లలో కరగడం తక్కువ, ఆవిరితో ఎగిరిపోవడం ఎక్కువ. డికాషన్‌తో పాటు నిమ్మ తొక్కను కూడా పది నిమిషాలు మరిగిస్తే వంటగది ఘుమఘుమలాడుతుంది, కప్పులో మాత్రం చేదు మిగులుతుంది. నిమ్మజాతి టీకి మొదటి నియమం ఇదే. పరిమళం ఎప్పుడూ పొయ్యి దించాకే, మూత పెట్టే ముందే.

బోరు నీళ్ల మీద తెట్టు

హెచ్‌ఎస్‌ఆర్‌లో టీ ప్రియులకు ఒక స్థానిక చిక్కు ఉంది. వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కించి తెచ్చే కావేరి నీళ్లు అన్ని ఇళ్లకూ అన్ని వేళలా చాలవు. అపార్ట్‌మెంట్లు, పీజీలు బోర్లను, ట్యాంకర్లను నమ్ముకుంటాయి. 2024 వేసవిలో నగరమంతా ట్యాంకర్ల కోసం ఎదురు చూసిన రోజులు ఇక్కడివాళ్లకు ఇంకా గుర్తే. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లతో నల్ల టీ కాచి అయిదు నిమిషాలు వదిలేస్తే పైన గోధుమ రంగు పొర తేలుతుంది. కప్పు అంచుకు మరక కూడా కడుతుంది.

లండన్ ఇంపీరియల్ కాలేజీ రసాయన శాస్త్రవేత్తలు మైకేల్ స్పైరో, డియోగ్రాటియస్ జగాన్యీ ఈ పొర మీద పరిశోధన చేసి 1993లో నేచర్ పత్రికలో వివరించారు. నీళ్లలోని కాల్షియం, టీలోని పాలీఫినాల్స్ గాలి తగిలే చోట కలిసి ఈ తెట్టు కడతాయి. దీనికి విరుగుడు కూడా మన చేతిలోనే ఉంది. పులుపు పడితే తెట్టు కట్టదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. బోరు నీళ్ల ఇంట్లో వట్టి నల్ల టీ కన్నా లెమన్ టీ తేటగా, హుషారుగా అనిపించడానికి కారణం ఇదే. ఎర్ల్ గ్రే తాగాలనుకుంటే మాత్రం ఆర్‌ఓ నీళ్లో, కావేరి నీళ్లో వాడండి. సున్నపు నీళ్లలో మంచి ఆకు రుచి సగం చచ్చిపోతుంది.

రెండో స్థానిక విషయం ఎత్తు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. విజయవాడలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. నల్ల టీ ఆకు ఎంత వేడి నీళ్లు పడితే అంత బాగా దిగుతుంది. కాబట్టి ఇక్కడ నీళ్లు కెటిల్‌లో తుళ్లుతున్నప్పుడే ఆకు మీద పోయాలి. కప్పును ముందే వేడి నీళ్లతో కడిగి పెట్టుకోవాలి. ఊళ్లో మూడు నిమిషాలు నానబెట్టే ఆకును ఇక్కడ మూడున్నర, నాలుగు నిమిషాలు ఉంచాలి.

ఏ ఆకు కొనాలి?

మన ఇళ్లలో వాడే గుళికల టీ సీటీసీ రకం. ఆకును యంత్రాల మధ్య నలిపి, చింపి, గుళికలుగా చుట్టేసే పద్ధతి అది. 1930ల్లో అస్సాంలో పుట్టింది. చిక్కని పాల టీకి దానికి మించింది లేదు. నిమ్మకు మాత్రం అది కాస్త మొరటు. రంగు, వగరు ఒక్కసారిగా దిగిపోయి సువాసనను తొక్కేస్తాయి. సీటీసీతో లెమన్ టీ చేసుకోవాలంటే ఆకు సగానికి తగ్గించి ఒకటిన్నర నిమిషంలో వడకట్టేయాలి. ఆకును చుట్టి, పొడవుగా ఉంచే ఆర్థడాక్స్ రకం ఈ పనికి తగినది.

హెచ్‌ఎస్‌ఆర్‌కు సుమారు 270 కిలోమీటర్ల దూరంలోనే దానికి తగ్గ తోటలున్నాయి. నీలగిరి ఆర్థడాక్స్ టీకి సహజంగానే పూల వాసన ఉంటుంది. ఆ వాసనకు కారణమైన పదార్థాల్లో లినాలూల్ ఒకటి. బెర్గమాట్ తొక్క నూనెలోనూ అదే లినాలూల్ ఉంది. అందుకే నీలగిరి ఆకు, నిమ్మజాతి పరిమళం ఒకదానితో ఒకటి పోట్లాడవు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు పడే రోజుల్లో కోసిన నీలగిరి ఆకు ఇంకా సువాసనగా ఉంటుంది. దొరికితే వదలకండి.

నీలగిరి ఆకుకు ఇంకో గుణం ఉంది. చాలా టీలు చల్లారితే మబ్బు పట్టినట్టు కలకబారతాయి. నీలగిరి తేటగానే ఉంటుంది. అందుకే ఐస్ టీ తయారీదార్లకు అదంటే మక్కువ. ఐస్ టీకి అమెరికాలో ఊరూరా పేరు తెచ్చిన 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో చల్లని టీ పోసిన రిచర్డ్ బ్లెకిండెన్ అక్కడికి వెళ్లింది భారతీయ టీని పరిచయం చేయడానికే. ఆయనకన్నా ముందే అక్కడ ఐస్ టీ ఉంది గాని, ఆ వేసవి ఎండలో వేడి టీ ముట్టుకోని జనానికి మన టీని ఐస్ వేసి అలవాటు చేసింది ఆయన బృందం.

ప్యాకెట్ ఎర్ల్ గ్రే కొనేటప్పుడు రెండు చూడండి. ఆకు పొడవుగా ఉందా, దుమ్ములా ఉందా అన్నది మొదటిది. పరిమళం సహజమైనదా, సహజాన్ని పోలి తయారు చేసినదా అన్నది రెండోది. ఈ మాట లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. తెచ్చాక గాలి చొరని డబ్బాలో, పోపుల పెట్టెకు దూరంగా పెట్టండి. టీ ఆకు పక్కనున్న ఇంగువను, మసాలాను ఇట్టే పీల్చుకుంటుంది.

మజ్జిగలో వేసే ఆకే

బెర్గమాట్ మన దేశంలో దొరకదని దిగులు పడనక్కర్లేదు. నిమ్మజాతిలో తెలుగు నేల పేదది కాదు.

గూడూరు నిమ్మ మార్కెట్ పేరు ఢిల్లీ వ్యాపారులకూ తెలుసు. తెనాలి, ఏలూరు ప్రాంతాల నిమ్మకూ అంతే పేరు. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ కోసమే పరిశోధన కేంద్రం ఉంది. తిరుపతిలో పుట్టిన బాలాజీ రకం, పెట్లూరు సెలక్షన్–1 రకం గజ్జి తెగులును తట్టుకుని రైతును ఆదుకున్నాయి. అనంతపురం, నల్గొండల బత్తాయి సరేసరి. దబ్బకాయ లేకపోతే కొన్ని ఇళ్లలో పులిహోర పులిహోరే కాదు. బెంగళూరులో కన్నడిగులు చిత్రాన్నం కలిపే హెరళెకాయి మన దబ్బకు దగ్గరి చుట్టం. చలికాలంలో హాప్‌కామ్స్ దుకాణాల్లో దొరికే కమలాల తొక్క కూడా టీకి చక్కగా అమరుతుంది. కొడగు కమలా దొరికితే మరీ మంచిది.

వీటన్నిటికన్నా అపురూపమైనది పుల్ల నారింజ ఆకు. నారింజ ఆకులు, లేత కొమ్మల నుంచి ఆవిరి పట్టి తీసే నూనెను అత్తరు వ్యాపారంలో పెటీగ్రెయిన్ అంటారు. అందులో ముఖ్యమైనవి రెండు: లినలైల్ అసిటేట్, లినాలూల్. బెర్గమాట్ నూనెకు ఆ పూల పరిమళం తెచ్చేవీ ఆ రెండే. తల్లి చెట్టు ఆకులో పిల్ల పండు వాసన ఉందన్నమాట. ఇటలీ నుంచి సీసాలో వచ్చే పరిమళానికి దగ్గరి బంధువు మన పెరట్లో, గేదెల కొట్టం పక్కన నిలబడి ఉంది.

మన పెద్దవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. ఎండాకాలం చలివేంద్రంలో మజ్జిగ కుండలో దబ్బాకో, నిమ్మాకో, నారింజాకో నలిపి వేస్తారు. రసం పిండరు, ఆకు నలుపుతారంతే. పులుపు మజ్జిగకు ఉండనే ఉంది, కావలసింది వాసన. పులుపును, పరిమళాన్ని విడదీసి ఏది ఎంత కావాలో అంతే వేసుకునే నేర్పు అది. ఆ నేర్పునే టీ కప్పు దాకా తీసుకొస్తే చాలు.

ఇలా కాచుకోండి

కొట్టు రుచి, ఇంటి శుభ్రం: కప్పు నీళ్లు మరిగించి దించాక ఒక చెంచా ఆర్థడాక్స్ ఆకు వేసి మూత పెట్టండి. మూడున్నర నిమిషాలకు వడకట్టండి. కావలసినంత చక్కెరో, బెల్లమో కలపండి. రసం పావు చెక్క చాలు, అర చెక్క పిండితే టీ పోయి నిమ్మరసం మిగులుతుంది. చివరగా గోరంత తొక్క ముక్కను కప్పు మీద వంచి తుంపర పడనివ్వండి. పులుపు, పరిమళం రెండూ ఒకే కప్పులో కలిసేది ఇక్కడే.

ఎర్ల్ గ్రే: 200 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు. మరిగే నీళ్లు పోసి మూత పెట్టడం మరవకూడదు, ఆవిరితో పాటే పరిమళం పోతుంది. నాలుగు నిమిషాలు. మొదటి గుక్క చక్కెర లేకుండా తాగి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం. పాలు పోసుకునేట్టయితే ఆకు కాస్త పెంచి అయిదు నిమిషాలు ఉంచండి. నిమ్మరసం మాత్రం పిండకండి.

నారింజాకు టీ: మందు కొట్టని చెట్టు నుంచి లేతవీ ముదురువీ కాని ఆకులు రెండు తెంచి కడిగి, మధ్య ఈనె తీసేసి చేత్తో చించండి. టీ ఆకుతో పాటు పాత్రలో వేసి వేడి నీళ్లు పోసి మూత పెట్టండి. మూడు నిమిషాలు చాలు, ఎక్కువైతే చేదెక్కుతుంది. తేనె కొంచెం కలిపితే ఇంకా బాగుంటుంది.

సులైమానీ: మలబారు తీరం నుంచి వచ్చిన ఈ టీ హెచ్‌ఎస్‌ఆర్‌లోని మలయాళీ హోటళ్లలో బిర్యానీ తర్వాత తప్పనిసరి. రెండు యాలకులు, ఒక లవంగం, చిన్న దాల్చిన చెక్క నీళ్లలో మరిగించి దించండి. ఆకు వేసి రెండు నిమిషాల్లో వడకట్టి, చక్కెర కలిపి, రసం చివరగా పిండండి. మసాలా మరగాలి, నిమ్మ మరగకూడదు.

చల్ల టీ: లీటరు తాగే నీళ్లలో 10 గ్రాముల నీలగిరి ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున వడకట్టి, పలచటి నిమ్మ చక్రాలు నాలుగు, పుదీనా రెండు రెబ్బలు వేయండి. వేడి తగలలేదు గనుక వగరు దాదాపు ఉండదు. ఆ రోజే తాగేయాలి.

ఇంటి పరిమళపు డబ్బా: నిమ్మ, కమలా తొక్కల పైభాగం మాత్రం పలచగా తీసి నీడలో గలగలలాడేలా ఎండబెట్టండి. తడి మిగిలితే బూజు పడుతుంది. 100 గ్రాముల ఆకులో గుప్పెడు తొక్క కలిపి వారం పాటు మూసి ఉంచండి. టీ ఆకు వాసన పీల్చే గుణం ఇక్కడ మనకు ఉపకారం చేస్తుంది.

తొక్క వాడేటప్పుడు పండును గోరువెచ్చని ఉప్పు నీళ్లతో రుద్ది కడగాలి. మైనం పూసిన విదేశీ పండ్లను ఈ పనికి వాడవద్దు. నిమ్మ, బెర్గమాట్ తొక్కల నూనె చేతికి అంటుకుని ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చలు పడవచ్చు. పిండాక చేతులు కడుక్కుని ఎండలోకి వెళ్లండి.

దేనితో, ఎప్పుడు, ఎంత

మిరపకాయ బజ్జీలు, పునుగులు, మసాలా వడ తిన్నాక లెమన్ టీ తాగితే పులుపు నూనె జిడ్డును కోసేస్తుంది. ఎర్ల్ గ్రేకు తీపి, వెన్న కలిసిన తినుబండారాలు జోడీ. అయ్యంగార్ బేకరీ బెణ్ణె బిస్కెట్, కొబ్బరి కూరిన దిల్‌పసంద్, సంక్రాంతికి ఇంటి నుంచి తెచ్చుకున్న సున్నుండ. అగర చెరువు చుట్టూ నడిచొచ్చిన పొద్దున వేళకు నారింజాకు టీ హాయిగా ఉంటుంది. సులైమానీ స్థానం భోజనం తర్వాత అని చెప్పాను గాని, అక్కడే ఒక జాగ్రత్త కూడా ఉంది.

టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. నిమ్మలోని సి విటమిన్ ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది గాని పూర్తిగా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి రక్తం తక్కువ ఉన్నవాళ్లు భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం పెట్టుకోవాలి. నిమ్మకాయను టీలో కాక పప్పులో, కూరలో పిండుకుంటే వాళ్లకు మేలు ఎక్కువ. గ్యాస్, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు పరగడుపున లెమన్ టీ పడదు. లెమన్ టీ తాగితే ఒళ్లు తగ్గుతుందన్నది నమ్మదగ్గ మాట కాదు. పాలు, చక్కెర మానేస్తే ఆ మేరకు కేలరీలు తగ్గుతాయి, అంతవరకే.

ఎర్ల్ గ్రేకూ ఒక హద్దు ఉంది. 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆస్ట్రియాకు చెందిన 44 ఏళ్ల మనిషి ఉదంతం వచ్చింది. రోజుకు 4 లీటర్ల దాకా ఎర్ల్ గ్రే తాగే అతనికి కండరాలు పట్టేసేవి, చూపు మసకబారేది. మామూలు నల్ల టీకి మారగానే బాధలు పోయాయి. బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్ వల్ల ఇలా జరిగిందని వైద్యులు అభిప్రాయపడ్డారు. రోజుకు లీటరు లోపు తాగినప్పుడు అతనికి ఏ ఇబ్బందీ రాలేదు. రెండు మూడు కప్పులతో సరిపెట్టుకునే మనకు భయం లేదు.

గూడూరు పేరు మీద ఒక టీ

నిమ్మ రైతు బతుకు ధరల ఉయ్యాల మీద ఊగుతుంది. 2022 ఏప్రిల్‌లో నగరాల్లో ఒక్కో నిమ్మకాయ 10 రూపాయలు పలికింది. అదే వానాకాలంలో కాయ కోసిన కూలి కూడా గిట్టుబాటు కాని రోజులుంటాయి. పచ్చి కాయగా అమ్ముకోవడం తప్ప మరో దారి లేకపోవడమే ఈ ఊగిసలాటకు మూలం. కలాబ్రియా రైతు పండును కాక పరిమళాన్ని అమ్ముకున్నాడు. తినడానికి పనికిరాని పండుకు ప్రపంచమంతటా గిరాకీ వచ్చింది అందుకే. తినడానికీ, తాగడానికీ, పచ్చడికీ పనికొచ్చే మన నిమ్మ, దబ్బ, నారింజలు పరిమళంలో మాత్రం ఎందుకు వెనకబడాలి?

ఎండబెట్టిన నిమ్మ తొక్కకు, నారింజాకుకు పెద్ద ఫ్యాక్టరీలు అక్కర్లేదు. నీడ, శుభ్రత, ఓపిక చాలు. ఒక మహిళా సంఘం చేయగల పని అది. ఆకు నీలగిరిలో ఉంది, పండు గూడూరులో ఉంది. కొత్త రుచిని సంచీలో పెట్టి ఊరూరా అమ్మే నేర్పున్న తెలుగు కుర్రాళ్లు హెచ్‌ఎస్‌ఆర్‌లోనే ఉన్నారు. పొద్దున లేస్తే కొత్త వ్యాపారం ఆలోచించే ఈ పేటలో ఇంతకన్నా మన సొంతమైన ఆలోచన ఏముంటుంది?

అంతదాకా ఆగకుండా ఈ ఆదివారమే మొదలుపెట్టండి. పప్పులోకి నిమ్మకాయ పిండే ముందు తొక్క పైభాగం పలచగా తీసి పక్కన పెట్టుకోండి. ఊరికి వెళ్లినప్పుడు నారింజాకులు నాలుగు మూట కట్టుకు రండి. ఎర్ల్ గ్రే కొనుక్కుంటే కొనుక్కోండి, అది మంచి టీయే. దాని పక్కన మన చెట్టు పరిమళంతో కాచిన కప్పు ఒకటి పెట్టి, రెండూ తాగి, ఏది బాగుందో మీరే తేల్చండి. ఇంగ్లండ్‌వాళ్లు నాసిరకం టీకి పూసిన వాసనకు ఒక ప్రధాని పేరు పెట్టి ప్రపంచానికి అమ్మగలిగారు. మేలైన ఆకుకు మేలైన పరిమళం జోడించి, దానికి మన ఊరి పేరు పెట్టుకోవడం మన వంతు.